పోర్టికోలో కొబ్బరిచెట్టు

మృగశిర కార్తె ప్రవేశించిన మర్నాడు, పొద్దున్న పదిన్నరకి, రాజోలు వెళ్లే బస్సు మా వీధి మలుపు తిరుగుతుండగా, ఆ ఇల్లు గాలిలో ఆగిపోయింది.

గాలిలో అంటే మరీ పక్షిలా కాదు. పునాదికీ గోడకీ మధ్య అడుగున్నర ఖాళీ. ఆ ఖాళీలో వరసగా ఇనప జాకీలు. వాటి నెత్తిన రెండు గదులు, హాలు, వంటిల్లు, శ్లాబు, ముందు పోర్టికో. నాలుగడుగులు లేవాల్సిన ఇల్లు అడుగున్నర దగ్గర ఇక రానని మొండికేసింది. పైన మబ్బు కమ్ముతోంది. వాన పడి జాకీల కింద మట్టి నానితే ఏ మూల దిగబడుతుందో చెప్పలేం. మూల దిగబడితే గోడ చీలుతుంది. గోడ చీలితే, ఒక మనిషి పరాయి దేశంలో పొయ్యి ముందు నిలబడి సంపాదించుకున్నదంతా చీలినట్టే.

ఆ ఇల్లు కట్టింది నేను. తాపీ మేస్త్రిని. మోకాళ్లు ఒప్పుకోక పని మానేసి కొన్నేళ్లయింది. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. మా చర్చి వెనక రాత్రిబడిలో, నా కూతురి వయసున్న టీచరమ్మ చేతి కింద నేర్చుకున్నాను. గోడ నునుపుగా పూయడం తెలుసు గానీ మాట నునుపు చేయడం నాకు రాదు. ఇల్లు కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ బాగుచేయించేటప్పుడూ మా చుట్టుపక్కల కుర్రాళ్లు ఇప్పటికీ నన్ను బండెక్కించుకుని తీసుకెళ్తారు. వాళ్లకి చెప్పేదేదో ఈ ఒక్క ఇంటి సంగతిలోనే ఉంది. అందుకని ఇది రాస్తున్నాను.

ఇంటావిడ కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. మా ఊరి కోడలు. భర్త రాజోలు, తాటిపాక మధ్య ఆటో తోలతాడు. మెతక మనిషి, పని మనిషి. ఇల్లు కట్టినన్నాళ్లూ ఆవిడ అక్కడే ఉంది, కానీ నా నెత్తిన కూర్చున్నట్టే ఉండేది. సాయంత్రమయ్యేసరికి భర్త ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించేవాడు. "బాబాయ్, ఆ మూల ఇటిక తడిపేరా? రంగు చూస్తే తడిపినట్టు లేదే" అనేది. సముద్రం అవతలి నుంచి ఇటిక తడి కనిపెట్టిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. నాకు కోపం వచ్చేది. తిట్టుకుంటూనే వెళ్లి తడిపించేవాణ్ణి.

ఇక చెట్టు సంగతి. అది ఆవిడ మామగారి స్థలం. అన్నదమ్ములిద్దరికీ పంచినప్పుడు మా వైపు అలవాటు ప్రకారం నేల వేరుగా పంచారు, చెట్లు వేరుగా పంచారు. నేలని గజాల్లో కోయొచ్చు, కాపు కాసే చెట్టుని కోయలేం కదా. అలా తమ్ముడి, అంటే మన ఆటో ఆయన నేలలో ఉన్న ఒక కొబ్బరిచెట్టు అన్న వాటాకి వచ్చింది. నేల ఒకరిది, చెట్టు ఒకరిది. అన్న మస్కట్‌లో ఉంటాడు కాబట్టి దింపు తీసేవాడు వచ్చినప్పుడల్లా అన్నగారి భార్య కింద నిలబడి కాయలు ఏరించుకునేది. పడమటి ఇల్లు ఆవిడది, తూర్పు ఇల్లు మన కువైట్ ఆవిడది. తోటికోడళ్లిద్దరికీ మాటల్లేవు. చూరు నీళ్ల దగ్గర మొదలైన తగువని అందరూ అనేవారు.

పోర్టికో వేసేటప్పుడు ఆ చెట్టు సరిగ్గా మధ్యలోకి వచ్చింది. కొట్టడానికి అది మనది కాదు. అందుకని శ్లాబులో కన్నం వదిలాను. కన్నం చుట్టూ ఊచలు గుండ్రంగా వంచి, అంచు నున్నగా పూసి, చెట్టుకీ అంచుకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంచాను. శ్లాబులోంచి పైకి పొడుచుకొచ్చిన కొబ్బరిచెట్టుని చూడటానికి అమలాపురం నుంచి కూడా వచ్చేరు. కింద నిలబడి ఫొటోలు దిగేరు. నా పనితనానికి ఆ కన్నమే బోర్డు. దాన్ని చూసి నాకు మరో నాలుగిళ్ల పని దొరికింది.

ఇల్లు కట్టినప్పుడు రోడ్డు మీంచి మూడు మెట్లెక్కి లోపలికి వెళ్లేవాళ్లం. తరవాత సిమెంటు రోడ్డు వేశారు. అది పాడైతే తవ్వి తీయకుండా దాని మీదే ఇంకోటి వేశారు. చివరికి రెండు మెట్లు దిగి లోపలికి వెళ్లాల్సి వచ్చింది. వానాకాలంలో హాల్లోకి నీళ్లొచ్చేవి. గోడలకి నడుము దాకా ఉప్పు పొంగింది. సున్నం వేసినా పెచ్చులు లేచిపోయేవి.

భర్త విసిగిపోయి అమ్మేద్దామన్నాడు. తాటిపాక వైపు నుంచి ఒకాయన చూడటానికి వచ్చాడు. అతను వస్తున్నాడని తెలిసి ముందురోజు భర్త గోడలకి నడుము దాకా రంగు వేసి, తడి మరక మీదికి మంచం జరిపాడు. వచ్చినాయన చెప్పులు కూడా విప్పకుండా నేరుగా వెళ్లి ఆ మంచం లాగాడు. అమ్మే వాళ్లకి ఇక్కడే ఒక మాట చెబుతాను. తడిని రంగుతో దాచకండి. సగం గోడకి కొత్త రంగుంటే, తప్పు ఇక్కడుందని వేలు పెట్టి చూపించినట్టే. తడి ఉందని మీరే చెబితే దాని గురించి ఒకసారి బేరమాడతారు. దాచి దొరికిపోతే ఆ తరవాత మీరు చెప్పిన ప్రతి నిజం గురించీ బేరమాడతారు.

ఆయన ఇల్లంతా తిరిగి, "స్థలం వరకూ మాట్లాడుకుందామండి. ఇల్లు లెక్కలోది కాదు. పడగొట్టించుకునే ఖర్చు మళ్లీ మా మీదే కదండీ" అన్నాడు. మాట మర్యాదగానే ఉంది. అబద్ధం కూడా కాదు. కాకపోతే భర్త జేబులో ఫోన్ ఆన్‌లో ఉంది, అవతల ఆవిడ వింటోంది. ఫోన్ పెట్టేసింది. రెండు రోజుల తరవాత నాకు చేసింది. "బాబాయ్, అమ్మను. లేపిస్తాను. మీరు దగ్గరుండాలి" అంది.

ఇల్లు లేపడం నాకు కొత్త. భీమవరంలో ఎవరో లేపారని విన్నాను గానీ చూడలేదు. పడగొట్టి మళ్లీ కట్టుకోమని ఖండితంగా చెప్పాను. కట్టడమంటే మళ్లీ ఎన్నేళ్లు కువైట్‌లో ఉండాలో మీకు తెలుసా అని అడిగింది. సరే, దగ్గరుంటానన్నాను.

ఆవిడ సెలవు పెట్టుకుని వేసవిలో వచ్చింది. లేపే వాళ్లు ఉత్తరాది నుంచి వచ్చారు. వాళ్లని నడిపించే పెద్ద పొట్టిగా, బక్కగా ఉంటాడు. ఎదురింటి కిళ్లీకొట్టాయన చూసి, "ఈయన తన పంచె తను లేపుకోగలడంటారా మేస్త్రి గారూ" అని నవ్వేడు. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి నవ్వలేదు.

పనివాళ్లని మీరు ఎంచుకునేటప్పుడు ఎంత వేగంగా చేస్తారని అడగకండి, పని మొదలుపెట్టే ముందు ఏం చేస్తారో చూడండి. ఆ మనిషి రెండు రోజులు ఏ పనీ ముట్టుకోలేదు. ఇంటి చుట్టూ తిరిగాడు, గోడల మీద వేళ్లతో కొట్టి చూశాడు, నన్ను కూర్చోబెట్టి వచ్చీరాని తెలుగులో ఏ గోడ కింద ఏముందో అన్నీ అడిగాడు. తరవాత పునాది మీద ఇటుకలు కొంచెం కొంచెంగా తీయించి, తీసిన చోట జాకీ పెట్టించాడు. ఒక చోట తీస్తే దానికి దూరంగా ఇంకో చోట తీయాలి, పక్కపక్కన తీయకూడదు. అన్నీ అమరాక ఈల పట్టుకున్నాడు. ఈల వేస్తే అందరూ కలిసి జాకీ ఒకే మేర తిప్పాలి, మళ్లీ ఈల వేస్తే ఆపాలి. కిటికీ కిటికీలో అంచుదాకా నీళ్లు పోసి స్టీలు గ్లాసు పెట్టించాడు. ఇల్లు సమంగా లేస్తుంటే నీళ్లు తొణకవు. మొదటిరోజు ఇల్లు జానెడు లేచింది. గ్లాసుల్లో నీళ్లు కదల్లేదు. నేను ఇన్నేళ్లూ నీళ్లగొట్టంతో మట్టం చూసి కట్టినవాణ్ణి. కట్టిన ఇంటి మట్టం చెడకుండా పైకెత్తిన మనిషిని చూసి ఆ పూట నేను తలగుడ్డ తీసి పక్కన పెట్టాను.

వాళ్లు చేపలు తినరు. మన అన్నం వాళ్లకి ఆనదు. ఆవిడ కువైట్‌లో రొట్టెలు చేసిన చేతులతో రోజూ వాళ్లకి రొట్టెలు కాల్చి పెట్టేది. అక్కడ నేర్చిన హిందీలో వాళ్లతో జోకులేసేది. ఇంటి పెద్ద ఎవరో పని పెద్ద ఎవరో తెలియకుండా ఇద్దరూ కలిసి పని నడిపేవారు. భర్త మెరక మట్టి కోసం ట్రాక్టర్లు మాట్లాడుతుండేవాడు. ఇల్లు లేచాక పోర్టికో కింద, ముందు ఖాళీలో నాలుగడుగుల మట్టి పోసి రోడ్డు ఎత్తుకి తేవాలని అనుకున్నాం.

ఇల్లు ఆగిపోయిన ఆ రోజు పొద్దున్న పాస్టరు గారు ప్రార్థన చేసి గేటు దాటబోతున్నారు. ఉత్తరాది పెద్ద ఈల వేశాడు, జాకీలు తిరిగాయి. ముందుగదిలో గ్లాసు తొణికి నీళ్లు కిటికీ మీద పడ్డాయి. పోర్టికో శ్లాబు మీద దబ్బున రెండు కొబ్బరికాయలు పడ్డాయి. గాలి లేదు. వెంటనే అతను పొడుగ్గా ఈల వేశాడు. అందరూ చేతులు తీసేశారు.

అతను పైకి చూశాడు. నేనూ చూశాను. కన్నం ముందంచు చెట్టు మానులోకి దిగి కూర్చుంది. బెరడు నలిగి పీచు బయటికొచ్చింది. పోర్టికోకీ ఇంటికీ అతుకు దగ్గర వెంట్రుకలాంటి చీలిక.

"అన్నా, ఇల్లు పైకి వెళ్తుంది. చెట్టు వెళ్లదు. చెట్టు వంకర" అన్నాడు.

అంతే సంగతి. చెట్టు రోడ్డు వైపు ఒరిగి పెరిగింది. నేలకి దగ్గరగా ఉన్నప్పుడు నాలుగు వేళ్ల సందు ఉంది. శ్లాబు పైకి పోయే కొద్దీ చెట్టు ముందుకి వస్తుంది కదా. సందు కొలిచింది నేను, మళ్లీ కొలిచింది అతను, చూసింది ఊరంతా. ఒరుగు ఎవరూ కొలవలేదు. కోనసీమలో తిన్నగా ఉన్న కొబ్బరిచెట్టు కనబడితే ఆగి చూస్తాం. ఒరిగిన దాన్ని ఎవరు చూస్తారు? అతను చూడకపోవడానికి కారణం వేరు. గోధుమ చేలలో పెరిగిన మనిషి, శ్లాబులోంచి చెట్టు రావడం అతను జన్మలో చూసి ఉండడు.

చుట్టూ మనుషులు పోగయ్యారు. తలో మాట అన్నారు. రెండు తిప్పులు గట్టిగా తిప్పితే చెట్టే పక్కకి ఒరుగుతుందని ఒకరు. కన్నం అంచు పగలగొట్టమని ఒకరు. ఉత్తరాది పెద్ద తల అడ్డంగా ఊపాడు. తిప్పితే చెట్టు ఒరగదు, పోర్టికో ఇంటి శ్లాబుని చీల్చుకుని విడిపోతుంది. అంచు కొడితే చుట్టూ వేసిన ఊచలు తెగి శ్లాబు కూలుతుంది. చెట్టు పోవాలి, లేదంటే ఇల్లు దిగాలి. వాన పడే లోపు తేల్చండి అన్నాడు. అది చెప్పేసి మట్టిలో చతికిలబడి జాకీల వైపే చూస్తూ కూర్చున్నాడు.

చెట్టు కొట్టేద్దామని నేను గట్టిగా అన్నాను. పాస్టరు గారు కూడా అదే అన్నారు. చెట్టు అడగడానికి భర్తా నేనూ పడమటింటికి వెళ్లాం.

పెద్ద తోటికోడలు అరుగు మీద కూర్చుని కొబ్బరాకుల ఈనెలు తీస్తోంది. మరిది "వదినా, చెట్టు..." అని ఆగిపోయాడు. నేనందుకుని విషయం చెప్పాను.

"చూస్తానే ఉన్నానండి మేస్త్రి గారూ. పదిరోజులై చూస్తన్నాను. సినిమాకి ఎల్లే పని తప్పింది" అంది, చాకు ఆపకుండా.

"మరేమంటారండి?"

"కొట్టుకోమనండి. ముసలి చెట్టు. దానికోసం నేనేం ఏడవను."

మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. మరిది చేతులు జోడించబోయాడు. అప్పుడు ఆవిడ చాకు కింద పెట్టింది.

"చెట్టు సంగతి అడిగేరు, చెప్పేను. నా సంగతి ఒక్కరూ అడగలేదు. మీ ఇల్లు లేస్తది. లేచేక మెరక పోస్తారు. ముందు రోడ్డు మెరక, పక్కన మీ మెరక. మధ్యన పల్లంలో నేను. నా దొడ్లో పడ్డ వాన ఎటు పోద్దో చెప్పండి మేస్త్రి గారూ, మీకు తెలుసు గదా."

నాకు తెలుసు. ఆ నేల వాలు తూర్పుకి. పడమటి దొడ్లో నీళ్లు తమ్ముడి ఇంటి ముందునుంచి తూర్పు పక్కనున్న మురుగు కాలవలోకి పోవాలి. పోర్టికో అరుగు కట్టినప్పుడు అందుకే దాని కింద తూము పెట్టాం. రోడ్డు పెరిగినకొద్దీ ఆ తూము పూడుకుపోయింది. చూరు నీళ్ల తగువని ఊరు అనుకున్నది అసలు ఈ తూము తగువు. ఇప్పుడు నాలుగడుగుల మట్టి పోస్తే ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఈ పదిరోజుల్లో ఇంటి ఎత్తు కొలిచాం, రోడ్డు ఎత్తు కొలిచాం, పక్క దొడ్డి వైపు ఒక్కరం తల తిప్పలేదు. ఆవిడ రోజూ అరుగు మీద కూర్చుని, తన ఇల్లు పల్లంలోకి దిగిపోవడాన్ని చూస్తోంది.

ఇంతలో వెనక నుంచి మాట వినిపించింది. చిన్నావిడ ఎప్పుడొచ్చిందో, పిండి చేతులతో సరిహద్దు దగ్గర నిలబడి ఉంది. ఇల్లు కట్టాక ఆ దొడ్లో అడుగు పెట్టలేదు. ఇప్పుడూ పెట్టలేదు.

"నిజమేనా బాబాయ్?" అంది.

"నిజమేనమ్మా."

"నాకు ఫోన్లో ఇటికలు చూపించేరు గానీ తూము ఎవరూ చూపించలేదు."

పెద్దావిడ ఈనెల కట్ట పక్కకి నెట్టి, "చూపించినా నువ్వేం చేత్తావు, అంత దూరంలో" అంది. ఎత్తిపొడుపే. కానీ ఎన్నో ఏళ్ల తరవాత ఇద్దరి మధ్యా నేరుగా పోయిన మొదటి మాట అది.

చిన్నావిడ వెనక్కి తిరిగి తన ఇంటి ముందుకెళ్లింది. చెట్టు వైపు చూసింది, పోర్టికో వైపు చూసింది, తూర్పున కాలవ దాకా నడిచి తిరిగొచ్చింది. ఉత్తరాది పెద్ద దగ్గర కూర్చుని హిందీలో ఏదో అడిగింది. అతను లేచి పోర్టికో అతుకు దగ్గర వేలితో పైనుంచి కిందికి గీత గీసినట్టు చూపించి తల ఊపాడు. తరవాత నా దగ్గరికొచ్చింది.

"బాబాయ్, పోర్టికో కోసేస్తే, ఈ ముందు జాగా మెరక చెయ్యకుండా పల్లంగానే వదిలెయ్యొచ్చా? అక్క దొడ్లోంచి కాలవలోకి ఇటు నీళ్లకి బోదె పోద్దా?"

"పోద్దమ్మా. కానీ పోర్టికో తీసేస్తే ఇంటికి మొహమే ఉండదు. చెట్టు కొట్టుకోమని ఆవిడే అంది కదా. ముందు చెట్టు కొట్టించు. నీళ్ల సంగతి తరవాత ఎలాగో చూద్దాం."

ఆ పోర్టికో మీద ఆవిడకి ఎంత ఇష్టమో నాకు తెలుసు. రెండు స్తంభాలకీ రాతి పలకలు, మధ్యలో గాజు దీపం. మా వైపు గల్ఫ్ ఇళ్లని పోర్టికో చూసే లెక్కగడతారు. అది నాకూ ఇష్టమే, ఆ కన్నం నాది.

"తరవాత అంటే నేనుండను బాబాయ్. మెరక పోసేశాక ఎవరూ తవ్వరు. చెట్టు కొడితే నా ఇల్లు లేస్తది, అక్క దొడ్డి చెరువవుద్ది. నేను విమానం ఎక్కేక మా ఆయనకి ఒంట్లో బాగోపోతే మంచినీళ్లిచ్చేదెవరు? ఈ పోర్టికోనా?"

భర్త తల వంచుకున్నాడు. అతని ఆటో ఎండకీ వానకీ నిలబడేది ఆ పోర్టికో కిందే. వెళ్లి గాజు దీపం ఊడదీయడానికి నిచ్చెన తెచ్చాడు.

పెద్దావిడ సరిహద్దు దాకా వచ్చింది. "ఏమే, నా ముసలి చెట్టు కోసం అంత పోర్టికో కోయించుకుంటావా?" అంది.

"చెట్టు కోసం కాదులే అక్కా" అంది చిన్నావిడ.

పని ఎలా జరిగిందో కూడా చెబుతాను, ఎందుకంటే నేను చూసిన పనుల్లో అది గొప్పది. ముందు ఇంటిని దించాలి. చెట్టు మీద పట్టు వదిలితేనే కోత పెట్టడానికి వీలు. ఎత్తడం కన్నా దించడం కష్టం. ఎత్తేటప్పుడు జాకీ బరువుని తోస్తుంది. దించేటప్పుడు బరువు జాకీని తోస్తుంది, ఒక్క చెయ్యి తొందరపడినా ఆ మూల కుంగుతుంది. ఎత్తించడానికి డబ్బిచ్చిన వాళ్ల ముందు, ఎత్తడం చూడటానికి వచ్చిన ఊరి ముందు ఇల్లు కిందికి దించడానికి మొహం చెల్లాలి కూడా. కిళ్లీకొట్టాయన వదల్లేదు. "లేపుతామని వచ్చి దించుతున్నారేంటండీ? ఇంకో వారముంటే గోడలు కూడా మడతపెట్టి పట్టుకెళ్లిపోతారేమో" అన్నాడు. నలుగురు నవ్వేరు. ఆ మనిషి ఆ నవ్వు విననే లేదు. తొణికిన గ్లాసు తనే తీసుకెళ్లి మళ్లీ అంచుదాకా నింపి కిటికీలో పెట్టాడు. చిన్నగా ఈల. పావు తిప్పు. ఆగి చూశాడు. మళ్లీ ఈల. అలా చెట్టు మానుని కన్నం అంచు వదిలేదాకా తెచ్చాడు. గ్లాసులో నీళ్లు నిలబడే ఉన్నాయి.

నేను పనిలో ఉన్నన్నాళ్లూ మొదలుపెట్టింది ఆపడమంటే పరువు తక్కువ అనుకునేవాళ్లం. ఆ రోజు అతన్ని చూశాక ఆ మాట మానేశాను.

కోత గీత నన్నే గీయమన్నాడు. ఏ ఊచ ఎటు పోయిందో నాకే తెలుసు కాబట్టి. సుద్ద పట్టుకుని నా శ్లాబు మీద నేనే గీత గీశాను. పోర్టికో కింద దుంగలు నిలబెట్టి, కోత మిషను పెట్టారు. సాయంత్రానికి మొదటి చినుకులు పడుతుండగా పోర్టికో ఇంటి నుంచి వేరుపడింది. ఇల్లు తేలికపడింది. జాకీల కింద మట్టి నానకుండా టార్పాలిన్లు కప్పారు. ఇంతలో భర్త పార పట్టుకుని పడమటి దొడ్లోంచి తూర్పు కాలవకి బోదె తవ్వడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు. కుర్ర జాకీవాళ్లు ఇద్దరు అతనికి సాయం వెళ్లారు. ఆ వాన పెద్దదేం కాదు, ఒక గంట పడింది. నీళ్లు ముందు బోదెలో బురద బురదగా ఆగాయి, తరవాత మెల్లగా తూర్పుకి కదిలాయి.

పోర్టికో ముక్కలు తీసేశాక మిగిలిన ఎత్తు తరవాతి రోజుల్లో లేచింది. చెట్టు ఉన్నచోటే ఉంది. కింద గోడ పూర్తికాకముందే ఆవిడ సెలవు అయిపోయి వెళ్లిపోయింది. ఇప్పుడా ఇల్లు ముందు నుంచి చూస్తే బోడిగానే ఉంటుంది. బోదె దాటి ఎత్తు మెట్లెక్కాలి. ఏనుగెక్కినట్టుందని జనం నవ్వుతారు. ఆటో తాటాకు పందిరి కింద ఉంటోంది. కానీ ఆషాఢంలో పెద్ద వాన పడి వీధి వీధంతా మునిగిన రోజున నేను చూడటానికి వెళ్తే, పడమటావిడ గొడుగేసుకుని బోదె గట్టు మీద నిలబడి ఫోన్ కిందికి పట్టుకుని ఉంది. "ఇదిగో చూడు, పోతంది. మీ ఇంట్లో లేవు, మా ఇంట్లో లేవు. కనపడతందా?" అంటోంది. ఫోన్లోంచి కువైట్ మనిషి, బోదె మలుపు దగ్గర గట్టు తెగేలా ఉంది, అక్కడ రెండు ఇటుకలు పెట్టించు అక్కా, తడిపి పెట్టమను అని చెబుతోంది.

పిల్లలూ, ఇల్లు కొనడానికి వెళ్తే నడి వానలో వెళ్లండి. మే నెలాఖరులో ఇంకోసారి వెళ్లి నూతినీళ్లు తాగి చూడండి, ఆ నీళ్లతో పప్పు ఉడుకుతుందేమో ఆ ఇంటివాళ్లని అడగండి. సముద్రానికి దగ్గరగా, అంతర్వేది వైపు కొనే వాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఉన్న ఇల్లు బాగుచేయించాలంటే మేస్త్రిని పిలిచే ముందు పక్కింటి అరుగు మీద కాసేపు కూర్చోండి. మీ వాన ఎటు పోతుందో మీకన్నా వాళ్లకి బాగా తెలుసు. మేస్త్రీలం మేం మీ గోడల లోపలే చూస్తాం, దానికే మీరు మాకు కూలిస్తారు.

ఆ రోజు అక్కడ ఉన్న వాళ్లని చెప్పి ఆపుతాను. పేర్లు రాయను, వాళ్లకి ఇష్టం ఉండదు. ఉత్తరాది పెద్ద. అతని మనుషులు, వాళ్లలో జ్వరంతోనే జాకీ తిప్పిన మీసాలాయన. మధ్యాహ్నం ఇంటికెళ్లకుండా ఉండిపోయి, అంగీ మడిచి దుంగలు పట్టిన పాస్టరు గారు. సాయంత్రం దాకా ఎగతాళి చేసి, చినుకు పడగానే కొట్టు మీది టార్పాలిన్ తనే ఊడదీసుకొచ్చి జాకీల మీద కప్పిన కిళ్లీకొట్టాయన. ఆటో ఇంటాయన, చేతిలో పార. సుద్దముక్కతో నేను. ఇంటి పాత మెట్లు అలాగే కింద మిగిలిపోయి ఉన్నాయి, వాటి పైన గడప లేదు. వాన వెలిశాక ఆ మెట్ల మీద ఒకే గిన్నెలోంచి టీ పోసుకుని తాగుతున్న తోటికోడళ్లిద్దరు.